కూర్పు గదిలో రెండో కుర్చీ

పాత తెలుగు సినిమాల్లో పేర్లు పడేటప్పుడు "కూర్పు" అన్న మాట కింద ఎడిటర్ పేరు కనిపించేది. చిన్నతనంలో ఆ మాట చూసి, ఈయనెవరో పూలు గుచ్చినట్టు బొమ్మలన్నిటినీ ఒక దారానికి గుచ్చే మనిషి కాబోలని అనుకునేవాణ్ణి. బోరబండలోని మా ఇంటి వెనకగదిలో కూర్చుని మూడేళ్ళుగా ఒక డాక్యుమెంటరీని నా అంతట నేనే ఎడిట్ చేసుకుంటున్నాను గనుక, ఇప్పుడు ఆ మాట మీద నాకు కొంత అనుమానం పుట్టింది. ఈ పనిలో కూర్చేది తక్కువ, కోసేది ఎక్కువ. నా దగ్గర 46 గంటల దృశ్యం ఉంది. చిత్రం 52 నిమిషాలకు రావాలి. అంటే ఒక్క నిమిషం నిలవాలంటే మరో 52 నిమిషాలు పోవాలన్నమాట. ఆ పోయేదంతా ఎవరో ఒకరు నన్ను నమ్మి నాతో చెప్పుకున్నదే.

ఇంట్లో సినిమా ఎడిట్ చేసుకుంటున్నానని తెలిసిన మిత్రులందరూ యంత్రం గురించే అడుగుతారు. మెమరీ ఎంత ఉండాలి, ఏ సాఫ్ట్‌వేర్ నయం, పాత కంప్యూటరు సరిపోతుందా అని. అవీ చెప్పదగ్గ సంగతులే, కొంత చెబుతాను కూడా. కానీ ఇన్నాళ్ళ తర్వాత నా మనసులో మిగిలింది వేరొకటి. ఇంట్లో కూర్చుని కోసేవాడి పక్కన రెండో మనిషి ఉండడు. ఆ లోటు పూడ్చుకోవలసిన బాధ్యత కోసేవాడిదేననీ, ఆ రెండో కుర్చీలో కూర్చునే మొదటి హక్కు తెర మీద కనిపించే మనిషిదేననీ నా అభిప్రాయం. దీనితో ఏకీభవించనివారు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వారి వాదన తేలికగా తీసిపారేసేది కాదు గనుక దానినీ మీ ముందు పెడతాను.

ముందు చిత్రం సంగతి. బోరబండ, హైటెక్ సిటీ ఎమ్మెమ్టీఎస్ రైలుదారిలో పక్కపక్క స్టేషన్లు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003 ఆగస్టులో ఎమ్మెమ్టీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. ఆ దారి పొడుగునా లేచిన అద్దాల మేడల్లో నేల తుడిచేవాళ్ళు, బాత్రూములు కడిగేవాళ్ళు, కాఫీ యంత్రం దగ్గర కప్పులు సర్దేవాళ్ళు ఎందరో మా వీధుల నుంచే వెళ్తారు. పల్లెల్లో బతుకు జరగక వచ్చి, సైట్ వన్, సైట్ టూ, సైట్ త్రీ అని ఇప్పటికీ అంకెలతోనే పిలుచుకునే ఈ బస్తీల్లో ఒక గదో రెండు గదులో అద్దెకు తీసుకున్నవాళ్ళు. రైల్లో అయితే ఒక్క స్టేషను దూరం. ఆ ఒక్క స్టేషను దూరం గురించే నా చిత్రం. పొద్దున్నే స్టేషను మెట్ల దగ్గర కలుసుకునే ఆరుగురు ఆడవాళ్ళ వెంట ఏడాదిన్నర తిరిగాను. కెమెరా నాదే, మైకు నాదే, ఖర్చూ నాదే. రైల్లోపల కెమెరా పెట్టడానికి అనుమతి కావాలి గనుక ఆ జోలికి పోలేదు. చిత్రంలో రైలు ప్రయాణమంతా చీకటి తెర మీద ఆ ఆడవాళ్ళ మాటలుగానే ఉంటుంది. ఇబ్బంది కొద్దీ చేసిన ఏర్పాటే గానీ, ఇప్పుడు నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

2005లో మొదటిసారి ఒక చిన్న చిత్రం తీసినప్పుడు, ఇంట్లో ఎడిట్ చేయడమన్నది నా ఊహలో కూడా లేదు. అప్పుడు నా దగ్గరున్నవి 12 మినీ డీవీ టేపులు. ఒక్కొక్కటి గంట. టేపులోది కంప్యూటరులోకి ఎక్కాలంటే టేపు ఆడినంతసేపూ కాచుకుని కూర్చోవలసిందే. గంట దృశ్యానికి దాదాపు 13 జీబీ జాగా కావాలి. మా ఇంటి కంప్యూటరుకు అంత స్తోమత లేదు. అందుకని ఫిల్మ్‌నగర్ దగ్గర ఒక మేడమీది గదిని గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాను. రాత్రిపూట అద్దె తక్కువ కాబట్టి అన్నీ రాత్రులే. యంత్రం నడపడానికి అక్కడొక కుర్రవాడు ఉండేవాడు. నేను చెప్పినచోట కోయడం అతని పని. ఒక రాత్రి, రెండో మూడో అవుతుండగా, ఒక ముసలాయన మాటను సగంలో ఆపమన్నాను. కుర్రవాడు మౌసు మీద చెయ్యి అలాగే ఉంచి, "ఆయనింకా చెప్పబోతున్నాడండీ" అన్నాడు. నాకు విసుగొచ్చింది. గంటకు ఇంతని డబ్బు కడుతున్నది నేను. నిద్ర లేక కళ్ళు మండుతున్నదీ నాకే. కోయమన్నాను, కోశాడు. మర్నాడు చూసుకుంటే అతను చెప్పిందే సరైనదని తెలిసింది. మళ్ళీ అద్దె కట్టి, మళ్ళీ అతుక్కున్నాను. ఆ కుర్రవాడి పేరు చిత్రం చివర వేశాను గానీ, ఎందుకు వేశానో అతనికి చెప్పలేదు.

ఇప్పుడు ఆ గది అద్దె లేదు. ఆ కుర్రవాడూ లేడు. 1989లో అవిడ్ వచ్చినప్పుడు అది పెద్ద స్టూడియోలకే అందుబాటు. 1999లో ఫైనల్ కట్ ప్రో వచ్చి, మంచి కంప్యూటరు కొనగలిగిన ఒంటరి చిత్రకారుల చేతికి ఎడిటింగ్‌ను అందించింది. ఇవాళ డావించి రిజాల్వ్ వంటిదాన్ని ఉచితంగానే దింపుకోవచ్చు, నాబోటి వాడి అవసరాలకు ఆ ఉచితమైనదే ఎక్కువ. నా కంప్యూటరు పాతది, 4కే దృశ్యాన్ని ఉన్నదున్నట్టు ఆడించలేక రొప్పుతుంది. అందుకని ముందు అన్నిటికీ చిన్న పరిమాణంలో నకళ్ళు చేసుకుంటాను, వాటినే ప్రాక్సీలంటారు. కోతలన్నీ ఆ నకళ్ళ మీద చేసి, చివరికి అసలు దృశ్యానికి తగిలిస్తాను. అసలైనది రెండు డిస్కుల్లో ఉంటుంది, ఒకటి మా ఇంట్లో, రెండోది మా తమ్ముడి ఇంట్లో. యంత్రం గురించి నేను ఇవ్వగలిగిన సలహా ఇంతే. రెండో డిస్కు కొనడానికి డబ్బు లేకపోతే కెమెరా అమ్మి అయినా కొనండి.

ఇంట్లో చేసే పనికి కొన్ని ముచ్చట్లున్నాయి. మా గది పక్కనే వంటిల్లు. చిత్రంలో ఒకామె తెల్లవారుజామున వంట చేసుకునే దృశ్యం ఉంది. దానిలో కుక్కర్ మూడుసార్లు కూస్తుంది. శబ్దం సరిచేస్తూ నాలుగో కూత విన్నాను. ఎక్కడిదా అని అరగంట వెతికాను. అది మా కుక్కర్. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు, వినాయక చవితికి మైకులు, కింది వాటాలో బోరు మోటారు, ఇవన్నీ హెడ్‌ఫోన్లను దాటుకుని లోపలికి వస్తాయి. అందుచేత ఎక్కువ పని రాత్రి పదకొండు తర్వాతే. ఆ వేళలో ఇల్లంతా నిద్రపోతుంది, నేను ఒక్కణ్ణే కోస్తూ ఉంటాను. ఆ ఒంటరితనమే అసలు చిక్కు. మా ఆవిడ చూడదా అంటే చూస్తుంది. కానీ ఆమె ఏది చూపించినా బాగుందనే అంటుంది. తొందరగా లేచి అన్నానికి వస్తానని ఆమె ఆశ.

ఫిలిం రోజుల్లో కోత అంటే నిజంగా కోతే. తీసేసిన ముక్కల్ని గుడ్డసంచి తగిలించిన చట్రానికి వరసగా వేలాడదీసేవారు. ఒక ముక్క మళ్ళీ కావాలంటే లేచి వెళ్ళి ఆ సంచిలో వెతుక్కోవాలి. పక్కన సహాయకుడు ఉండేవాడు, అతికేవాడు ఉండేవాడు. ఒక మనిషి మాటను తుంచడానికి మరో ఇద్దరి కళ్ళు సాక్ష్యం. ఇప్పుడు ఒక మీట నొక్కితే పోతుంది, ఇంకో మీట నొక్కితే తిరిగొస్తుంది. తిరిగి వస్తుంది గదా అన్న ధీమాతో చెయ్యి తేలికపడుతుంది. ఎన్నోసార్లు తిరిగి తెచ్చుకోవడమే మరిచిపోతాం.

నేను చేసిన అలాంటి పని ఒకటి చెబుతాను. ఆరుగురిలో ఒకామె పాలమూరు జిల్లా నుంచి వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. నేను అక్కా అంటాను, ఆమె నన్ను సారూ అంటుంది. ఎంత చెప్పినా ఆ సారు పోలేదు. ఆమెతో గంటా నలభై నిమిషాలు మాట్లాడాను. అందులోంచి ఆరు నిమిషాలు తీసుకున్నాను. ఆమె మాట్లాడే తీరు నెమ్మది. ఒక వాక్యం చెప్పి ఆగుతుంది. కిటికీ వైపు చూస్తుంది. చీర కొంగు సవరించుకుంటుంది. మళ్ళీ మొదలుపెడుతుంది. నేను ఆ విరామాలన్నీ కోసేశాను. కోసినచోట బొమ్మ ఎగిరినట్టు కనబడుతుంది గనుక, ఆ అతుకుల మీద వేరే దృశ్యాలు కప్పాను. ఆమె చేతులు, మాపు కర్ర, నీళ్ళ బకెట్. ఇది ఈ వృత్తిలో అందరూ చేసే పనే, టీవీ వార్తల్లో రోజూ చూస్తాం. మాట గడగడా సాగిపోతుంది, చూసేవాడికి కోత తెలియదు. ఆ బకెట్ కింద ఏముందో నాకొక్కడికే తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెనూ, ఇంటర్ చదువుతున్న ఆమె కూతుర్నీ పిలిచి ఆ ఆరు నిమిషాలు చూపించాను. నిజం చెప్పాలంటే సంప్రదించే ఉద్దేశంతో పిలవలేదు. చూసి సంతోషిస్తుందని పిలిచాను. ఆమె కదలకుండా చూసింది. అయిపోయాక ఎట్లా ఉందక్కా అన్నాను.

"మంచిగనే ఉంది సారూ. గని నేను గింత జల్ది మాట్లాడ్తనా?"

కూతురు నవ్వింది. ఆమె నవ్వలేదు.

"నడుమ నడుమ ఊకున్న గద. గదంత ఏడవోయింది?"

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి అసలు దృశ్యం తెరిచి చూశాను. ఊళ్ళో భూమి ఏమైందక్కా అని నేను అడిగిన చోటు. ఆమె 11 సెకన్లు మాట్లాడలేదు. తర్వాత, "పోయింది" అంది. నేను ఉంచుకున్నది ఆ ఒక్క మాటే. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 275 ఫ్రేములు తీసేశాను. ఆ 275 ఫ్రేములు లేకుండా వింటే, అడిగీ అడగకముందే పోయింది అనేసినట్టు ఉంది. బస్సు టికెట్టు పోగొట్టుకున్న మనిషి కూడా అంత తేలికగా చెప్పదు. భూమి పోయిన కథంతా ఆ 11 సెకన్లలో ఉంది. ఆమె అది నాకు చెప్పింది, నేనే చెరిపాను. పైగా నిడివి తగ్గించానని ఆ రోజు సంతోషించాను కూడా.

ఆ విరామాలు తిరిగి పెట్టడానికి రెండు రాత్రులు పట్టింది. ఆరు నిమిషాలు తొమ్మిదయ్యాయి. ఆ మూడు నిమిషాల కోసం వేరేచోట నాకెంతో ఇష్టమైన వర్షం దృశ్యాలు పోయాయి. వర్షం మళ్ళీ వస్తుందిలెండి.

అదే రోజు ఇంకొకటి జరిగింది. ఆమె మాట కోస్తావారికి అర్థం కాదేమోనని తెర అడుగున తెలుగులోనే అక్షరాలు వేశాను. ఆమె మాటను పుస్తకాల తెలుగులోకి మార్చి రాశాను. కూతురు ఆ అక్షరాలు చదువుతూ ఒకచోట ఆపమంది. "అమ్మ జల్ది అన్నది సార్. కింద త్వరగా అని వచ్చింది. తప్పు రాసిన్రు."

తప్పే. తెలుగు మనిషి తెలుగు మాటను తెలుగులోకి అనువదించి పెట్టడంలోని అవమానం నాకు తట్టలేదు. పదిహేడేళ్ళ పిల్లకు తట్టింది. ఇప్పుడు శబ్దం సరిగా లేని చోట్ల మాత్రమే తెలుగు అక్షరాలు ఉంచాను, అదీ ఆమె అన్నది అన్నట్టుగా. మిగతాచోట్ల కోస్తావారు కాస్త చెవి పెట్టి వింటారు. సినిమాల్లో కోస్తా మాటను తెలంగాణవాళ్ళు అక్షరాల సాయం లేకుండా దశాబ్దాలుగా వింటూనే ఉన్నారు కదా.

ఇక్కడ యూనికోడు మిత్రులకు చిన్న పిడకల వేట. 2005 నాటి ఆ మొదటి చిత్రానికి తెలుగు అక్షరాలు వేయబోతే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులన్నీ విడిపోయి, అక్షరం ఒకచోటా ఒత్తు ఒకచోటా పడేవి. చివరికి అను ఖతులలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించి, ఒక్కొక్క వాక్యాన్నీ బొమ్మగా మార్చి తెచ్చి అతికించాను. ఒక అక్షరదోషం దొరికితే మళ్ళీ షాపుకు పరుగు. ఇప్పుడు యూనికోడులో నేరుగా టైపు చేస్తే ఒత్తులు కుదురుగా కూర్చుంటున్నాయి. తప్పు రాస్తే అది నా తప్పే అవుతుంది, ఖతి మీద నెట్టడానికి వీల్లేదు.

తీసినవారికే చూపించి సరిదిద్దుకోవడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు. ఫ్రెంచి చిత్రకారుడు ఝాన్ రూష్ నైజర్ నది మీద సోర్కో జాలరుల నీటిగుర్రం వేటను చిత్రించాడు. 1950ల్లో ఆ చిత్రాన్ని తీసుకెళ్ళి ఆ ఊళ్ళోనే తెర కట్టి వాళ్ళకు చూపించాడు. వేట ఘట్టంలో ఉత్కంఠ కోసం ఆయన సంగీతం కలిపాడు. అదీ ఆ ప్రాంతపు వేటగాళ్ళ సంగీతమే, బయటిది కాదు. వేటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. వేటలో చప్పుడు చేయకూడదు, సంగీతం వినిపిస్తే నీటిగుర్రం పారిపోతుంది అని. రూష్ సంగీతం తీసేశాడు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. పారిస్‌లో ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్న ఏ నిపుణుడికీ ఆ తప్పు కనబడి ఉండదు. 1961లో ఎడ్గార్ మొరాన్‌తో కలిసి తీసిన 'క్రానిక్ దున్ ఎతె'లో రూష్ ఇంకో అడుగు వేశాడు. చిత్రంలో మాట్లాడినవారందరినీ కూర్చోబెట్టి చిత్రం చూపించి, వాళ్ళు పోట్లాడుకోవడాన్ని కూడా చిత్రంలో భాగం చేశాడు. కొందరు అంతా నటన అన్నారు, కొందరు మరీ బట్టలు విప్పి చూపారన్నారు.

అంత దూరం కూడా పోనక్కరలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1990ల చివర అక్కడి మహిళా సంఘాలలోని దళిత స్త్రీలు, వారిలో చాలామంది బడి ముఖం చూడనివారు, వీడియో కెమెరా పట్టడం, ఎడిట్ చేయడం నేర్చుకున్నారు. ఆ సంస్థను నడిపిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ స్త్రీలు కెమెరా కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి మనిషిని చిన్నగా చూపే కోణం పటేల్ షాట్. ఎదురుగా సమానమైన ఎత్తులో నిలబడి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఒక్క పేరులో సినిమా పాఠమూ ఊరి చరిత్రా ఇమిడిపోయాయి. వాళ్ళు వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల మీద 2003లో తీసిన చిత్రం, ఆ తర్వాత అదే విషయం మీద తీసినవీ విదేశాలకు కూడా వెళ్ళాయి. వాళ్ళ చిత్రాల్లో నన్ను ఆకట్టుకునేది, మాట్లాడే రైతును తొందరపెట్టకపోవడం. కోసేవాళ్ళూ ఆ పొలాల మనుషులే గనుక, ఆగినచోట ఏముందో వాళ్ళకు తెలుసు. నాకు తెలియదు గనుక నేను రెండో కుర్చీ వేసుకోవాలి.

ఇక మిత్రుల అభ్యంతరం. ఒకరు, నాకన్న ఎక్కువ చిత్రాలు తీసినవారు, ఇలా అన్నారు: "చూపించి, అడిగి, ఒప్పించి తీసేది పెళ్ళి వీడియో. తెరమీది మనిషికి కత్తెర ఇస్తే ఏ చిత్రమూ నిజం చెప్పదు." ఆనంద్ పట్వర్ధన్ తన చిత్రాలకు తానే ఎడిటర్. 1992 నాటి 'రామ్ కే నామ్'లో మాట్లాడిన నాయకులకు, పూజారులకు ముందుగా చూపించి వాళ్ళు వద్దన్నవి తీసేసి ఉంటే ఏం మిగిలేది? మన నగరం మీదే దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' ఉంది. 1984లో హైదరాబాద్ మత కల్లోలాలను చిత్రించి 1986లో పూర్తిచేశారు. 2013లో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ దాన్ని పునరుద్ధరించడంతో మళ్ళీ చూడగలుగుతున్నాం. అందులో నాయకుల ఊరేగింపులూ ప్రసంగాలూ ఒకవైపు, కర్ఫ్యూలో పని లేక నలిగిన పాతబస్తీ కుటుంబాలు ఒకవైపు. ఆ నాయకులను అడిగి ఎడిట్ చేయాలా?

చేయనక్కరలేదు. నా వాదన అందరికీ ఒకే కుర్చీ వేయమని కాదు. వేదికెక్కి మైకు పట్టుకుని మాట్లాడేవాడు నలుగురికీ వినిపించాలనే మాట్లాడతాడు. తన గదిలో చాప వేసి నన్ను కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి నాతో మాట్లాడింది. ఈ రెండూ ఒకే రకం దృశ్యంగా డిస్కులో పక్కపక్కన పడుకుని ఉంటాయి, అందువల్లే మనకు తేడా మరపున పడుతుంది. నా చిత్రంలో ఒక కాంట్రాక్టరు కూడా ఉన్నాడు. "వీళ్ళకు సెలవెందుకండీ, ఇంట్లో ఊరికే కూర్చుంటే రోగాలొస్తాయి" అని కెమెరా ముందే చెప్పాడు. ఆయనకు ముందుగా చూపించను. అయితే ఆయన పట్ల నాకున్న ధర్మం ఒకటుంది. ఆ జవాబును నేను అడిగిన ప్రశ్నకే కట్టి ఉంచాలి. వేరే ప్రశ్నకు తగిలిస్తే ఇంకా ఘోరంగా వినిపిస్తుంది. తగిలించి చూశాను కూడా. ఒక రాత్రంతా ఆ అతుకును చూసుకుని మురిసిపోయాను. పొద్దున తీసేశాను.

ఇంతవరకూ నా వాదన బాగానే ఉంది. బాగాలేని చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. ఆరుగురిలో అందరికన్నా పెద్దామె ఒక సంఘటన చెప్పింది. మొత్తం 40 సెకన్లు. నవ్వుతూ చెబుతూ చెబుతూ సగం నవ్వులో ఆగి తన చేతుల వైపు చూసుకుంటుంది. ఈ 46 గంటల్లో అంతటి దృశ్యం మరొకటి లేదు. చిత్రమంతా ఆ 40 సెకన్ల వైపు నడిచేలా కట్టుకున్నాను. ఆమెకు చూపించాను. చూసి, "అది తీసెయ్యి బిడ్డా" అంది. మనుమడు పెద్దవాడవుతున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు చూస్తాడు, వాడికి తెలియకూడదు అని. ముఖం కనబడకుండా గొంతు మాత్రం ఉంచుతానన్నాను. "నాయినమ్మ గొంతు గుర్తువట్టడా?" అంది.

తీసేశాను. అందులో ఏముందో ఇక్కడ కూడా రాయను. రాస్తే తీసినట్టు కాదు.

నా మిత్రుడికి ఈ సంగతి చెబితే, ఇందువల్ల కాపాడబడింది ఆ మనుమడు కాదు, ఆ పని చేసిన ఆఫీసువాళ్ళు అన్నాడు. ఆ మాట నిజం. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. వాళ్ళు చేసింది బయటపడవలసినదే. కానీ అది బయటపెట్టే బరువును అరవై దాటిన ఆమె తన ఇంట్లో, తన మనుమడి ముందు మోయాలి. నేను మాత్రం ఏదో హాల్లో చిత్రం చూపించి, చప్పట్లు విని, బండెక్కి ఇంటికి వస్తాను. ఈ లెక్కలో నా పాలు మరీ తక్కువగా ఉందనిపించింది. అలాగని మనసు కుదుటపడిందీ లేదు. చిత్రం ఇప్పుడు 41వ నిమిషం దగ్గర కుంటుతుంది. చూసినవారంతా అక్కడే ఏదో లోపించిందంటారు. సంగీతం పెట్టమని ఒకరన్నారు. పెట్టను. కుంటనివ్వదలచుకున్నాను. ఆ 40 సెకన్లు రెండు డిస్కుల్లోనూ ఉన్నాయి. ఆమె ఎప్పుడైనా సరేనంటే చూద్దాం. అనకపోతే లేదు.

ఆరుగురిలో ముగ్గురు వచ్చి చూసుకుని వెళ్ళారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక చేతుల కుర్చీ కొన్నాను, ఇదివరకు వచ్చినవాళ్ళను మంచం మీద కూర్చోబెట్టవలసి వచ్చేది. అక్కడి నుంచి తెర సరిగా కనబడదు. నాలుగో ఆమెకు షిఫ్టు మారింది, రాత్రి తొమ్మిది దాటాక గానీ రాలేదట. వచ్చే గురువారం వస్తానంది. కుక్కర్ ఆలోపే దించెయ్యమని ఇంట్లో చెప్పి ఉంచాను.